ఏడాదిన్నర ఇల్లు: పిట్ నెలకోసారి నిండుతోంది, కాంపౌండ్ పగిలింది, కరివేపాకు చచ్చింది. మూడూ మట్టి వల్లేనా?

గుంజూరు_గృహస్థు
మాది బెంగళూరులో గుంజూరు దాటాక ఒక లేఅవుట్. 30×40 సైటు, ఉత్తర ముఖం, కింద ఒక పోర్షను, పైన ఒకటి. గృహప్రవేశమై ఏడాదిన్నర. యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైను మా వీధికి ఇంకా రాలేదు. బాత్రూం నీళ్లు పోవడానికి ఇంటి ముందు 12 అడుగుల పిట్ తవ్వి వరలు దించారు. మొదటి ఎండాకాలం ఏ గొడవా లేదు. వానలు మొదలయ్యాక నెలకోసారి లారీని పిలిచి ఎత్తించాల్సి వస్తోంది. పోయినసారైతే లారీ వెళ్లిన ఆరో రోజుకే కింది బాత్రూంలో నీళ్లు వెనక్కి తన్నాయి.
దానికి తోడు పిట్ పక్కన కాంపౌండ్ మూల మెట్లు మెట్లుగా పగిలింది. రూపాయి బిళ్ల దూరుతుంది. ఇక మా ఆవిడ బాధ: నేలలో ఏది నాటినా బతకట్లేదు. కరివేపాకు మూడో మొక్క కూడా ఆకులు పసుపెక్కి పోయింది.
కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే "బెంగళూరు ఎర్రమట్టి సార్, రాయి లాంటిది, ఏం కాదు" అంటున్నాడు. ఏం కాకపోతే ఇవన్నీ ఏంటి?

పెనుకొండ_పిల్లోడు
రూపాయి బిళ్ల అంచు దూరుతాందా, బిళ్ల మొత్తం దూరుతాందా అన్నా? మొత్తం దూరేటట్టుంటే ఆ గోడ పక్కన బండి పెట్టొద్దు.

సివిల్_సూరి
జోకులు తర్వాత. ముందు ఇవి చెప్పండి. సాయిల్ టెస్ట్ చేయించారా? పునాది ఎంత లోతు? పగులు కాంపౌండ్‌కేనా, ఇంటికి కూడా వచ్చిందా? సైటు కొన్నప్పుడు రోడ్డుకి సమానంగా ఉందా, పల్లంగా ఉంటే మట్టి తోలి లేపారా?

గుంజూరు_గృహస్థు
టెస్టు లేదు. మేస్త్రీ గునపంతో రెండు పోట్లు పొడిచి "గట్టిగుంది" అన్నాడు, అదే మా సాయిల్ టెస్ట్. పిల్లర్ గుంతలు ఐదడుగులు. ఇంటి గోడలకి పగుళ్లు లేవు కానీ వెనక బెడ్రూం తలుపు వానాకాలం పట్టేస్తోంది. లేఅవుట్ వాళ్లు మట్టి తోలిన మాట నిజమే, ఎంత తోలారో తెలీదు.
పిట్ తవ్విన రోజు తీసిన ఫోటో ఒకటి ఫోన్లో ఉంది. మీరు అడిగాక జూమ్ చేసి చూశా. పైనుంచి నాలుగడుగుల దాకా ఎరుపు, కింద బూడిద రంగు. ఆ బూడిద రంగు మట్టి మీద జేసీబీ బకెట్ పళ్ల గీతలు సబ్బు మీద గోరుతో గీసినట్టు నున్నగా మెరుస్తున్నాయి.

రిటైర్డ్_ఏఈఈ
సబ్బు మీద గీసినట్టు అన్నారు చూడండి, మీ జబ్బు అదే. అది చెరువు బంకమట్టి. మీరు రోజూ చూస్తున్న ఎర్రమట్టి ఎక్కడినుంచో టిప్పర్లలో వచ్చిన చుట్టం.
బెంగళూరంతా ఎర్రమట్టే అన్నది సగం నిజం. లాల్‌బాగ్‌లో జనం ఎక్కి ఫోటోలు దిగే బండ ఉంది కదా, అది సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ (gneiss) అనే గట్టి రాయి. ఊరి అడుగున ఎక్కువ భాగం అలాంటి రాయే. అది చివికి మొరం అయింది, మొరం పైన ఎర్రమట్టి. మిట్ట ప్రాంతాల్లో మీ కాంట్రాక్టరు మాట చెల్లుతుంది. కానీ మిట్టల మీద పడ్డ వాన దిగిపోవడానికి వృషభావతి, కోరమంగళ-చల్లఘట్ట, హెబ్బాళ అని మూడు పెద్ద లోయలున్నాయి. వాటి పొడవునా గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువుకి నీళ్లు. వందల ఏళ్లుగా వానకి కొట్టుకొచ్చిన సన్న మట్టంతా ఆ చెరువుల అడుగునా అంచునా పేరుకుంది. బెళ్లందూరు నుంచి వర్తూరు, వర్తూరు నుంచి దక్షిణ పినాకిని. మీరు ఆ దారి పక్కనే ఉన్నారు.
రంగు చూసే కొంత చెప్పొచ్చు. ఎరుపు అంటే మట్టిలోని ఇనుము తుప్పు పట్టిందని, అంటే గాలి ఆడుతోందని. బూడిద రంగు అంటే ఏళ్లతరబడి నీళ్లలో నాని గాలి తగల్లేదని. మీ పిట్ అడుగు, కాంపౌండ్ పునాది, మొక్కల వేళ్లు మూడూ ఆ బూడిద పొర మీదకో దాని నెత్తిన నిలిచిన నీళ్లలోకో చేరాయి.

పెనుకొండ_పిల్లోడు
సార్, మా పెన్నా కూడా నంది కొండల్లోనే పుట్టింది. దక్షిణ పినాకిని దానికి తోబుట్టువు. ఒకటి మా హిందూపురం దిక్కు ఎండిపోయి వస్తాది, ఇంకొకటి మీ బాత్రూం నీళ్లు మోసుకుని తమిళనాడు పోతాది. ఆడబిడ్డల రాత.

ఓరుగల్లు99
సార్ చెప్పింది కరెక్ట్, ఊరి పేర్లల్లనే ఉంటది. బొమ్మసంద్ర, సింగసంద్ర... సంద్ర అంటే సముద్రం, అంటే పెద్ద చెరువు. నేను కోరమంగళ ఎస్టీ బెడ్ లేఅవుట్ల మూడేండ్లు కిరాయికున్న, ఎస్టీ అంటే ఏందో తెల్వకుంటనే. శ్రీనివాగిలు ట్యాంక్ అట. చెరువు బెడ్డు మీద పండుకున్నమన్నట్టు.

కాకినాడ_కాజా
మెజెస్టిక్ బస్టాండు ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. అవి నిలబడలేదా అండి? చెరువులో కట్టినవన్నీ కూలిపోతాయన్నట్టు భయపెట్టేస్తున్నారు.

సివిల్_సూరి
కూలతాయని ఎవరన్నారు? మట్టి తెలిసి కడితే ఎక్కడైనా నిలబడుతుంది. ఉబ్బే మట్టిలో అడుగున ఉల్లిపాయలా లావుగా ఉండే అండర్‌రీమ్డ్ పైళ్లు వేస్తారు, మెత్తటి మట్టిలో రాఫ్ట్, అంటే ఇల్లంతటి కిందా ఒకే పలకలాంటి పునాది వేస్తారు. తెలీకుండా కట్టడమే తప్పు.
సాయిల్ టెస్ట్ అంటే పెద్ద విద్యేం కాదు. బోరు గుంతలో గొట్టం దించి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదులుతూ, మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. నేను పక్కన నిలబడి లెక్కపెట్టిన ఒక మిట్ట సైటులో మూడు మీటర్లకే నలభై దాటింది. చెరువు పక్క సైటులో అదే లోతున నాలుగు. సుత్తి ఎత్తే కుర్రాడు "ఇంకా కొట్టాలా సార్, అదే దిగిపోతోంది" అన్నాడు.

బనశంకరి_బామ్మ
అన్నీ మట్టి మీదకి తోసేయకండి. మేము 1984లో ఇల్లు కట్టాం. ఇరవై అడుగుల గుంత, చుట్టూ ఊరికే రాళ్లు పేర్చారు, సిమెంటు కూడా పెట్టలేదు. యూజీడీ వచ్చేదాకా ఒక్కసారి ఎత్తించలేదు. ఇంట్లో తొమ్మండుగురం. ఇప్పుడు నలుగురున్న ఇంట్లో షవర్లు, రోజూ వాషింగ్ మెషీను. నీళ్లు తగ్గించండి, అదే సర్దుకుంటుంది.

సివిల్_సూరి
బామ్మగారూ, ఏళ్లతరబడి నిండని పిట్ అంటే అడుగు చిల్లున్న కుండ. అందులో పోసింది ఎక్కడికో వెళ్లింది కదా. బెంగళూరు చివుకు రాయిలో పగుళ్లు పట్టుకుని నేరుగా బావుల్లోకి, బోర్లలోకి వెళ్లింది. మురుగునుంచి నీళ్లలో చేరేది నైట్రేట్. తాగే నీటిలో అది లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

బనశంకరి_బామ్మ
ఆ బావి నీళ్లతోనే నలుగురు పిల్లల్ని పెంచాను నాయనా.

సివిల్_సూరి
మీరు గట్టివారు, నేనేమంటాను.

రిటైర్డ్_ఏఈఈ
బామ్మగారి రెండో మాట పట్టుకోండి. మనిషికి రోజుకి 135 లీటర్లని మా లెక్క. అందులో ఫ్లష్‌కి పోయేది 45. నలుగురికి 540 లీటర్లు పిట్‌లోకి పోతుంటే అందులో నిజంగా పోవాల్సింది 180. స్నానం, బట్టలు, గిన్నెల నీళ్లు వేరు చేస్తే అక్కడే మూడో వంతుకి దిగుతుంది.
ఇంకోటి, గృహస్థుగారూ. బోరు ఎక్కడ? పిట్ ఎక్కడ?

గుంజూరు_గృహస్థు
వాస్తు ప్రకారమే. బోరు ఈశాన్యం, పిట్ వాయవ్యం. మధ్య 22 అడుగులు.

రిటైర్డ్_ఏఈఈ
సెప్టిక్ ట్యాంకులకి ఐఎస్ 2470 అని ఒక కోడ్ ఉంది. దాని రెండో భాగం ప్రకారం నీళ్లు ఇంకించే గుంత తాగునీటి బావికి 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్లు దూరం ఉండాలి. 30×40 సైటుకి ఈ మూలనుంచి ఆ మూలకి కర్ణం 50 అడుగులు. 18 మీటర్లంటే 59. మీరు ఇల్లే కట్టకుండా ఖాళీ సైటులో తవ్వినా కుదరదు. ఈ సైజు సైట్లు కోసి, లైను వేయకుండా అమ్ముకున్న వాళ్లని అడగాలి.

పెనుకొండ_పిల్లోడు
ఈశాన్యం బోరుకి అందరికంటే దూరం నైరుతి. నైరుతిలో పాయఖానా గుంత అంటే వాస్తాయన గుండె ఆగుతాది.

కాకినాడ_కాజా
ఆ బోరు నీళ్లు తాగుతున్నారా ఏంటండి?

గుంజూరు_గృహస్థు
తాగడానికి క్యాన్. వంటకి బోరే. ఇప్పుడు భయం వేస్తోంది, రేపే ల్యాబ్‌లో ఇస్తా.

రిటైర్డ్_ఏఈఈ
సరే, ముందు మట్టి నీళ్లు తాగుతుందో లేదో మీరే చూసుకోండి, అర్ధ రూపాయి ఖర్చు లేదు. పిట్‌కి కాస్త దూరంగా జానెడు వెడల్పు గుంత తీయండి, ఆ బూడిద పొర తగిలేదాకా. అడుగున రెండు అంగుళాల కంకర వేసి నీళ్లు నింపి రాత్రంతా నాననివ్వండి. ఎండిన మట్టి మొదటి బిందెడు నీళ్లు గబగబా తాగేస్తుంది, అది చూసి మోసపోవద్దు. పొద్దున్న మళ్లీ నీళ్లు పోసి, కర్రకి స్కేలు కట్టి దింపి, నీటిమట్టం 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలో చూడండి. ముప్పై లోపయితే సోక్ పిట్ పనిచేస్తుంది. ముప్పై నుంచి అరవై అయితే పొడుగాటి కంకర కాలువలు కావాలి. అరవై దాటితే ఆ నేలకి ఇంకించే పని అప్పగించకండి.

సివిల్_సూరి
ఇంకో ప్రశ్న. మిద్దె మీది వాన పైపు ఎక్కడ దిగుతోంది?

గుంజూరు_గృహస్థు
అదే మూలన. ప్లాన్ శాంక్షన్‌కి ఇంకుడు గుంత కావాలన్నారు, పిట్‌కి మూడడుగుల దూరంలో తవ్వారు.

సివిల్_సూరి
దొరికింది దొంగ!! వానలు మొదలయ్యాకే నిండుతోందని మీరు మొదటి పోస్టులోనే చెప్పారు, నేనే చూసుకోలేదు. ఊరి సగటు వాన ఏడాదికి 970 మిల్లీమీటర్ల దగ్గర. మీ మిద్దె వెయ్యి చదరపుటడుగులు అనుకున్నా దాదాపు 90 వేల లీటర్లు. అవన్నీ బంకమట్టిలో తవ్విన గుంతలోకి దించితే కిందకి దిగవు. తోలిన వదులు మట్టికీ బంకమట్టికీ మధ్య పక్కకి పాకుతాయి. మూడడుగుల దూరంలో మీ వరల సందులున్నాయి. మీరు లారీకి డబ్బిచ్చి ఎత్తిస్తున్నది సగం వాననీళ్లే.
కాంపౌండ్ కూడా అందుకే. తోలిన మట్టి మీద అడుగున్నర పునాది వేసి ఉంటారు. ఆ మూల నానింది, కూర్చుంది, మిగతాది కూర్చోలేదు. అందుకే మెట్లు మెట్లుగా పగిలింది.

కాకినాడ_కాజా
అయితే వాననీటి రూలే తప్పంటారా? 2009 నుంచి మొత్తుకుంటున్నారు కదండి, కొత్తగా కట్టే 30×40 అయినా పెట్టాల్సిందేనని.

రిటైర్డ్_ఏఈఈ
రూలు తప్పు కాదు. మిట్ట మీద ఇంకించాలి, పల్లంలో పట్టి దాచుకోవాలి. సంపులోకి ఫిల్టరు పెట్టి దించుకుంటే అదీ వాననీటి సేకరణే.

మిద్దెతోట_మంగ
మీరంతా పునాదుల్లో మునిగిపోయారు, పాపం ఆ కరివేపాకు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అన్నా, వదినగారిని ఒక పని చేయమనండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు సబ్బు పొడి వేసి బాగా గిలకరించి గట్టు మీద పెట్టమనండి. ఇసుక నిమిషంలో అడుగుకి దిగుతుంది, ఒండ్రు గంటల్లో, బంక మర్నాటిదాకా తేలుతూనే ఉంటుంది. ఏ పొర ఎంత మందమో స్కేలుతో కొలిస్తే మీ నేల జాతకం తెలిసిపోతుంది.
కరివేపాకు కాళ్లు తడిలో పెట్టుకుని బతకదు. వేళ్లకి గాలి ఆడకపోతే పక్కన ఎంత ఎరువున్నా తీసుకోలేదు, ఆకు పసుపెక్కుతుంది. అది చూసి మనం పాపం దాహమేమో అని ఇంకో చెంబు పోస్తాం. మూడు మొక్కలూ అలాగే పోయుంటాయి. బంకమట్టిలో గుంత తీసి మంచి మట్టి నింపి నాటడం అంటే మొక్కని బకెట్లో కూర్చోబెట్టడమే. నేల మీద అడుగున్నర ఎత్తు మడి కట్టండి. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం కొబ్బరి పొట్టు. అంతే.
ఒట్టి ఎర్రమట్టి కూడా దేవుడిచ్చిన వరమేం కాదు. ఎండకి పైన పెచ్చు కడుతుంది, సత్తువ తక్కువ. మా మామగారు కోలారు దగ్గర ఎండాకాలం చెరువు పూడిక మట్టి బండ్లతో తోలి పొలానికి వేసేవారు. ఆ జిగట ఈ ఎరుపులో కలిస్తేనే బంగారం. మీకు కింద ఊరికే ఉంది, కానీ కలపాలి, దాని మీద కూర్చోకూడదు.

బనశంకరి_బామ్మ
మంగా, బట్టలుతికిన నీళ్లు మొక్కలకి పోయొచ్చా?

మిద్దెతోట_మంగ
అరటికి, మెట్టతామరకి పర్లేదు, ఆకుకూరలకి వద్దు పిన్నీ. డిటర్జెంట్‌లో సోడియం ఉంటుంది, అది బంకమట్టిని ఇంకా మెత్తగా పిండి చేసి సందులు మూసేస్తుంది. 2024 మార్చిలో కావేరి నీళ్లు తోటకి పోస్తే 5 వేలు ఫైన్ అన్నప్పుడు నేను బియ్యం కడిగిన నీళ్లతో లాగించాను.

ఓరుగల్లు99
మా ఓనరు అప్పుడు రాత్రి పన్నెండింటికి దొంగలెక్క గులాబీలకు పోసేటోడు 😂

గుంజూరు_గృహస్థు
టెస్టు చేశా. రాత్రంతా నానబెట్టి పొద్దున్న ఏడున్నరకి నీళ్లు పోసి కుర్చీ వేసుకుని కూర్చున్నా. ఎనిమిదిన్నరకి స్కేలు మీద ఐదు మిల్లీమీటర్లు. పదింటికి ఆఫీసు కాల్, ల్యాప్‌టాప్ గుంత పక్కకే తెచ్చుకున్నా. మొత్తం 25 దిగేసరికి పన్నెండు దాటింది. నాలుగున్నర గంటలు. ఏఈఈగారి అరవై నిమిషాలకి అల్లంత దూరం.
సీసా కూడా పెట్టాం. పైన నీళ్లు రెండో రోజుకీ టీ రంగులోనే ఉన్నాయి.

పెనుకొండ_పిల్లోడు
అన్నా, ఏది చేసేదున్నా ఒకసారి మన్ను వడ్డర్ల పెద్దాయన్ని పిలిపించు. సర్జాపుర దిక్కు భోవిపాళ్యలో ఉంటారు, తరతరాలుగా బెంగళూరు బావులన్నీ తవ్వింది వాళ్లే. మనతో తెలుగులోనే మాట్లాడతారు. మూడడుగుల వెడల్పు గుంతలో గునపంతో ఇరవై ముప్పై అడుగులు దిగిపోతారు. ఏ మట్టి యాడుందో వాళ్లకి తెలిసినంత మ్యాపులకి తెలీదు. కానీ నిండిన పిట్‌లోకి మాత్రం ఎవర్నీ దించొద్దు. గ్యాసుకి నిమిషంలో పోతారు, 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.

గుంజూరు_గృహస్థు
వచ్చారు. నేను రెండో పిట్ ఇంకా లోతుగా తవ్విద్దామని పిలిచా. ఆయన వాయవ్యం మూల మూడడుగులు తవ్వి, గునపం దించి, కొసకి అంటిన మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి వాసన చూశారు. మాత్రలా ఉండ చుట్టి నా చేతిలో పెట్టి, "ఇది చెరువు కడుపయ్యా. ఈడ బాయి తవ్వి నీ దుడ్డు తినను" అన్నారు. తవ్వినంత వరకు కూలి ఇస్తే సగమే తీసుకున్నారు. ఆ ఉండ ఎండి టీవీ స్టాండ్ మీద గోలీలా ఉంది, గోరు దిగట్లేదు.

కాకినాడ_కాజా
ఆయన నంబరు ఇక్కడ పెట్టండి గురూగారూ.

గుంజూరు_గృహస్థు
ఓపెన్‌గా పెట్టను, మెసేజ్ చేస్తా.

రిటైర్డ్_ఏఈఈ
ఇక చేయాల్సింది చెబుతా, సూరిగారు కాదంటే కాదనొచ్చు. వాన పైపుని ఇంకుడు గుంతనుంచి తప్పించి సంపుకి కలపండి. ఆ గుంతని మట్టితో పూడ్చి దిమ్మిస కొట్టించండి. స్నానాల, బట్టల నీళ్లు వేరు పైపు. పిట్‌ని ఇంకించే గుంతగా మర్చిపోయి, అడుగు మూసిన రెండు గదుల సెప్టిక్ ట్యాంకు కట్టించండి. బయటికొచ్చే నీరు కంకర నింపిన చిన్న ఫిల్టరులో కిందనుంచి పైకి ఎక్కేలా చేసి, నేలకంటే ఎత్తుగా కట్టిన కంకర మడిలో అరటి, మెట్టతామర పెట్టి అక్కడికి వదలండి. భూమి తాగకపోతే ఆకులు తాగుతాయి. లైను వచ్చిన రోజు ట్యాంకుని దానికి కలుపుకోవచ్చు.

సివిల్_సూరి
ఒప్పుకుంటా, ఒక్కటి తప్ప. సెటిల్‌మెంట్ (నేల కుంగడం) ఆగిందో లేదో తేలేదాకా ఆ మూల కొత్త బరువు, కొత్త తవ్వకం వద్దు. ముందు నీళ్లు ఆపండి. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాయండి. రెండు నెలలు గీత దాటకపోతే అప్పుడు ట్యాంకు. వర్షాకాలంలో ఖాళీ ట్యాంకు కడుతూ వదిలేయకండి, చుట్టూ నీళ్లుంటే పడవలా పైకి లేస్తుంది. నేనొక సంపు అలా లేవడం కళ్లారా చూశా.

రిటైర్డ్_ఏఈఈ
సబబే. జనవరి దాకా ఆగండి.

గుంజూరు_గృహస్థు
మూడు వారాల తర్వాత అప్‌డేట్. వాన పైపు మార్చా, వాషింగ్ మెషీను పైపు వేరు చేశా. మధ్యలో రెండు పెద్ద వానలు పడ్డాయి. లారీ వచ్చి 24 రోజులైంది, మూత తీసి చూస్తే ఇంకా రెండడుగులు ఖాళీ ఉంది. పగులు కింది గీత దగ్గరే ఉంది. పై గీతని గోరంత దాటింది, కొత్త తేదీ వేశా. తలుపు ఇంకా పడుతోంది. బోరు రిపోర్టు వచ్చింది, నైట్రేట్ 62. వంటకి కూడా క్యాన్ మొదలుపెట్టాం.
కాంట్రాక్టరుకి ఆ మట్టి గోలీ ఫోటో పంపా. రెండు బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

మిద్దెతోట_మంగ
కరివేపాకు?

గుంజూరు_గృహస్థు
మడి కట్టారు. మా ఆవిడ నాలుగో మొక్క నాటింది, నన్ను చెంబుతో ఆ దరిదాపులకి రానివ్వట్లేదు.